చరిత్రలో ఈ రోజు: సరిహద్దు ఊళ్లలో నల్లబల్ల మీద తేదీ తప్పు పోకుండా రాయడం ఎలా

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు తెలుగు పిల్లలు చదివే బళ్లలో, చదువుగదుల్లో "చరిత్రలో ఈ రోజు" అని ఒక నల్లబల్ల పెట్టాలనుకునేవారి కోసం ఇది. ఇలాంటి బల్ల మొదలుపెట్టడం సులువు. పొద్దున్నే ఫోన్‌లో వచ్చిన నాలుగు వాక్యాలు ఎక్కించేస్తే ఆ రోజు గడిచిపోతుంది. కానీ నెల తిరిగేసరికి బల్ల నిండా విదేశాల రాజులూ ఢిల్లీ ప్రమాణ స్వీకారాలే ఉంటాయి. పక్క కొండ మీద జరిగింది ఒక్కటీ ఉండదు. అందుకే రెండు నియమాలు పెట్టుకోండి. వారానికి మూడు నాలుగు రోజులైనా మన నేలకు సంబంధించిన వాక్యం ఒకటి పడాలి. రాసిన తేదీ నిజంగా ఆ తేదీయే అయి ఉండాలి.

ముందు పుస్తకం, తర్వాతే బల్ల

నాలుగు వందల పేజీల గట్టి అట్ట రిజిస్టరు ఒకటి కొనండి. రోజుకో పేజీ చొప్పున 366 పేజీలకు తేదీలు వేయండి. ఫిబ్రవరి 29ని వదలకండి. మిగిలిన పేజీలు చివర్లో పేర్ల పట్టికకు పనికొస్తాయి. ప్రతి పేజీకీ మధ్యలో నిలువు గీత కొట్టి, ఎడమవైపు రూఢి అయినవి సిరాతో, కుడివైపు ఇంకా చూడాల్సినవి పెన్సిల్‌తో రాయండి. పెన్సిల్ రాత బల్ల ఎక్కకూడదు. ఈ ఒక్క కట్టుబాటు సగం తప్పులను ఆపుతుంది.

ఒక్కో సంఘటన పక్కన సంవత్సరం, చోటు, ఎక్కడ చదివారో, ఏ క్యాలెండర్ తేదీయో రాసిపెట్టండి. రెండు చోట్ల కనిపిస్తే రూఢి అయినట్టే అనుకోవద్దు. ఇంటర్నెట్‌లో ఒకరిది చూసి ఒకరు దించుకుంటారు, కాబట్టి పది చోట్ల కనిపించినా దాని మూలం ఒకటే కావచ్చు. ఒకటి పుస్తకమో గెజిటీరో (సర్కారు వేసిన జిల్లా వివరాల పుస్తకం), రెండోది ఆనాటి పత్రికో ప్రభుత్వ ఉత్తర్వో అయితే నమ్మొచ్చు. పత్రిక చూసేటప్పుడు ఇంకో జాగ్రత్త కావాలి. ఈ రోజు జరిగింది రేపటి పేపరులో వస్తుంది. పేపరు మీది తేదీనే సంఘటన తేదీగా రాసుకుని ఒక రోజు ముందుకు జరిపేయడం తరచుగా జరిగే పొరపాటు.

ఒక పేజీ నింపి చూద్దాం: అక్టోబర్ 12

గంజాం, గజపతి జిల్లాల వాళ్లకు ఈ తేదీ ఒంటికి తగిలిన తేదీ. 2013 అక్టోబర్ 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాలపురం దగ్గర తీరం దాటింది. సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబర్ 12 మధ్యాహ్నం, హుద్‌హుద్ విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. ఈ రెండూ పక్కపక్కన రాస్తే ఎంత చిన్న పిల్లలైనా ఆగి చదువుతారు. అయితే ఒక వాక్యం కలపండి: బంగాళాఖాతంలో పెద్ద తుఫానులు ఎక్కువగా పుట్టే నెలల్లో అక్టోబర్ ఒకటి, కాబట్టి తేదీ కలవడం యాదృచ్ఛికమే అయినా నెల కలవడం యాదృచ్ఛికం కాదు. 2018లో గజపతి జిల్లాను ముంచిన తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది అక్టోబర్ 11 తెల్లవారుజామున. మూడూ ఒకే రోజైతే బాగుండునని దాన్ని ఒక రోజు జరపకండి. దాని పేజీ దానికుంది.

అదే తేదీకి రామ్ మనోహర్ లోహియా మరణం (1967) ఉంది, జాతీయ మానవ హక్కుల సంఘం ఏర్పాటు (1993) ఉంది. ఇక అందరూ రాసేది 1492లో కొలంబస్ అమెరికా తీరం చేరడం. ఇక్కడే క్యాలెండర్ గొడవ మొదలవుతుంది.

ఏ క్యాలెండర్ తేదీ?

కొలంబస్ నాటికి యూరప్ అంతా జూలియన్ క్యాలెండరే. ఇప్పుడు మనం వాడే గ్రెగోరియన్ లెక్కలో ఆ రోజు అక్టోబర్ 21. కాథలిక్ దేశాలు 1582లో మారాయి. ఆ ఏడు అక్టోబర్ 4 తర్వాతి రోజు 15 అయింది. ఇంగ్లండు మాత్రం 1752 దాకా మారలేదు. సెప్టెంబర్ 2 తర్వాత నేరుగా 14 వేసుకుంది. రష్యా ఇంకా ఆలస్యం. అక్కడ 1917 అక్టోబర్ 25న వచ్చిన విప్లవం మన లెక్కకు నవంబర్ 7.

ఇంగ్లండు నాటకకర్త షేక్‌స్పియర్, స్పెయిన్ రచయిత సెర్వాంటెస్ ఒకే రోజు, 1616 ఏప్రిల్ 23న పోయారని చాలాచోట్ల రాస్తారు. అంకెలు ఒకటే అనుకున్నా, రోజు ఒకటి కాదు. స్పెయిన్ కొత్త క్యాలెండర్లో, ఇంగ్లండు పాత క్యాలెండర్లో ఉన్నాయి కాబట్టి ఇద్దరి మధ్య కనీసం పది రోజుల తేడా ఉంది.

ఇంగ్లండుకు ఇంకో మెలిక కూడా ఉంది. 1752కు ముందు అక్కడ కొత్త సంవత్సరం మార్చి 25న వచ్చేది. మద్రాసు, విశాఖపట్నాల్లోని ఈస్టిండియా కంపెనీ పాత కాగితాల్లో జనవరి నుంచి మార్చి 24 దాకా వేసిన తేదీలకు వెనకటి సంవత్సరం అంకె ఉండటం అందుకే. మొదటి చార్లెస్ రాజు తల తీసిన రోజును మనం 1649 జనవరి 30 అంటాం. ఆనాటి కాగితంలో అది 1648.

మనకు బాగా తెలిసిన బొబ్బిలి యుద్ధం 1757 జనవరి 24. అప్పటికి ఇంగ్లండు మారి అయిదేళ్లయింది, ఫ్రెంచి సేనాని బుస్సీ, ఆయన వెంట ఉన్న ఫ్రెంచివారు ఎప్పుడో మారారు. సవరణ అక్కర్లేదు. జనవరి 24 పేజీ నిండుగా ఉండే పేజీ కూడా: 1950లో జనగణమనను జాతీయ గీతంగా ప్రకటించారు, 1966లో ఇందిరా గాంధీ మొదటిసారి ప్రధానిగా ప్రమాణం చేశారు, అదే రోజు హోమీ భాభా ఆల్ప్స్ పర్వతాల్లో విమాన ప్రమాదంలో చనిపోయారు. తాండ్ర పాపారాయుడు విజయరామరాజును చంపిన ఘట్టాన్ని మాత్రం ఇందులో కలపకండి. అది కోట పడిన తర్వాతి సంగతి.

1582కు ముందువాటికి తేలిక దారి: పుస్తకాల్లో వాడుకలో ఉన్న జూలియన్ తేదీనే ఉంచి, పక్కన "పాత క్యాలెండర్" అని రెండు మాటలు రాయండి. కొన్నింటిని మార్చి, కొన్నింటిని మార్చకుండా కలిపేయడమే అసలు ప్రమాదం.

అంకం, శకం, ఫసలీ

మన ప్రాంతపు పాత దస్తావేజులు, గుడి శాసనాలు చూసేవాళ్లకు ఇది తప్పనిసరి. ఒడిశా రాజుల పాలనా సంవత్సరాన్ని అంకం అంటారు. అది మామూలు లెక్క కాదు. 1ని వదిలేస్తారు, 6తో ముగిసే అంకెలన్నీ వదిలేస్తారు, 10 తప్ప సున్నాతో ముగిసేవన్నీ వదిలేస్తారు. కాబట్టి 25వ అంకం అని ఉంటే 1, 6, 16, 20 తీసేయాలి. అంటే నిజానికి 21వ ఏడు. అంకం మారేది భాద్రపద శుద్ధ ద్వాదశి నాడు, ఉగాదికి కాదు. 1866 నాటి మహా కరువును ఒడియాలో నఅంక దుర్భిక్షం అనడం ఇందుకే. పూరీ గజపతి దివ్యసింహ దేవుని తొమ్మిదో అంకంలో వచ్చింది. తొమ్మిదో అంకం అంటే పాలన ఏడో సంవత్సరం.

శక సంవత్సరానికి 78 కలిపితే క్రీస్తు శకం వస్తుంది. జనవరి నుంచి ఉగాది దాకా పడే రోజులకైతే 79 కలపాలి. మద్రాసు ప్రెసిడెన్సీ రెవెన్యూ కాగితాల్లోని ఫసలీకి (శిస్తు లెక్కల సంవత్సరం) 590 కలిపితే ఆ ఫసలీ మొదలైన ఏడు వస్తుంది. 1855 తర్వాత అది జులై 1న మొదలయ్యేది. ఫసలీ 1346 అంటే 1936 జులై నుంచి 1937 జూన్ దాకా.

తిథి మాత్రమే ఉన్న సంఘటనను బల్ల మీదికి తేవాలంటే పాత పంచాంగ పట్టికలతో ఇంగ్లీషు తేదీ కట్టాలి. శాసనంలో వారం (ఆది, సోమ లాంటిది) కూడా ఉంటే అదృష్టమే. లెక్కించిన తేదీకి అదే వారం వస్తే నమ్మండి, రాకపోతే పెన్సిల్ వైపే ఉంచండి.

వారంతో తేదీని పరీక్షించడం

కాగితం, పెన్సిల్ చాలు. ఏడాది గడిస్తే అదే తేదీకి పడే వారం ఒకటి ముందుకు జరుగుతుంది (ఆదివారమైతే సోమవారం). మధ్యలో ఫిబ్రవరి 29 వస్తే ఇంకొకటి జరుగుతుంది. మార్చి 29తో చేసి చూడండి. బారక్‌పూర్‌లో మంగళ్ పాండే తిరగబడింది 1857 మార్చి 29, ఆదివారం. కోరాపుట్ నాయకుడు, తెంతులిగుమ్మ లక్ష్మణ్ నాయక్‌ను బరంపురం జైల్లో ఉరితీసింది 1943 మార్చి 29. మధ్య 86 ఏళ్లు. 1860 నుంచి 1940 దాకా నాలుగేళ్లకోటి చొప్పున 21 ఫిబ్రవరి 29లు రావాలి, కానీ 1900 లీపు సంవత్సరం కాదు కాబట్టి 20. మొత్తం 106. ఏడుతో భాగిస్తే శేషం 1. ఆదివారానికి ఒకటి కలిపితే సోమవారం. లక్ష్మణ్ నాయక్ గురించి ఏ కాగితంలోనైనా వేరే వారం కనిపిస్తే తేదీయో వారమో తప్పు.

ఈ పేజీని ఊరికే వదలకండి. 1942 ఆగస్టు 21న మథిలి పోలీసు స్టేషను దగ్గర జరిగినదానికి ఆయన మీద కేసు పెట్టారని ఒక వాక్యం, బరంపురం జైలు మన బరంపురంలోదేనని ఒక వాక్యం కలపండి. 1849లో ఇదే రోజున పంజాబును కంపెనీ కలిపేసుకుంది. 1849, 1857, 1943 మూడింటినీ వరసగా రాస్తే ఇంకేమీ వివరించక్కర్లేదు.

ఆ రోజు జరిగింది ఏమిటి?

"అమెరికాకు స్వాతంత్ర్యం, జులై 4, 1776" అని రాయడం సరిపోదు. విడిపోవాలని ఓటు వేసింది జులై 2న, ప్రకటనను ఆమోదించింది 4న, ఎక్కువమంది సంతకాలు చేసింది ఆగస్టు 2న. కాబట్టి "ప్రకటనను ఆమోదించారు" అని రాయండి. అదే జులై 4 అల్లూరి సీతారామరాజు పుట్టినరోజు (1897), వివేకానందుడు (1902), పింగళి వెంకయ్య (1963) పోయిన రోజు. మన మన్యంలో అల్లూరి పేరే పైన రావాలి.

గడియారం తేడా కూడా చూసుకోండి. చంద్రుడి మీద మనిషి దిగినది అమెరికాకు 1969 జులై 20. మనకు అప్పటికే 21 తెల్లవారుజాము 1:47. రెండింట్లో ఏది రాసినా ఎవరి సమయమో చెప్పండి.

కావాలని ఎంచుకున్న తేదీలను యాదృచ్ఛికమని చూపించకండి. గజపతి, రాయగడ జిల్లాలు 1992 అక్టోబర్ 2న ఏర్పడ్డాయి. అది గాంధీ జయంతి కాబట్టే ఆ రోజు. ఏప్రిల్ 1న రిజర్వు బ్యాంకు (1935), ఒడిశా రాష్ట్రం (1936), పర్లాకిమిడి మహారాజు కృష్ణచంద్ర గజపతి ఒడిశా మొదటి ప్రధాని (ఇప్పటి ముఖ్యమంత్రి లాంటి పదవి) కావడం (1937), నయా పైసలు (1957) కలిశాయి. అది కొత్త ఆర్థిక సంవత్సరం మొదలయ్యే రోజు కాబట్టి సర్కారు పనులు అక్కడ కుప్పపడతాయి.

బల్ల మీద

నాలుగడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు బల్ల చాలు. చదివేవాళ్లు నిలబడే దూరంలో ప్రతి పది అడుగులకు అంగుళం చొప్పున అక్షరం ఎత్తు ఉండాలి. పదిహేను అడుగులకు అంగుళంన్నర. తెలుగుకు పైన గుణింతం, కింద వత్తు ఉంటాయి కాబట్టి వరుసకూ వరుసకూ మధ్య అక్షరమంత ఖాళీ వదలండి. లేకపోతే పై వరుస వత్తు కింది వరుస తలకట్టులో కలిసిపోతుంది. ఇలా లెక్కేస్తే శీర్షిక కాక పది వరుసలు పడతాయి: నాలుగు సంఘటనలకు ఎనిమిది, అడుగున ఒడియాలో రెండు. సుద్దముక్కను చక్కెర నీళ్లలో పది నిమిషాలు ముంచి రాస్తే తెల్లగా నిలుస్తుంది, పొడి రాలదు. తుడవడానికి తడిగుడ్డ కావాలి.

సంవత్సరం ముందు, సంగతి తర్వాత. పాతది పైన. ఊరి పేరు ఆనాటిది రాస్తే పక్కన ఇప్పటిది రాయండి. నమూనాగా ఆగస్టు 29:

1831: ఫారడే విద్యుదయస్కాంత ప్రేరణను కనుగొన్నారు.
1863: గిడుగు రామమూర్తి పంతులు పుట్టారు. పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూ సవర భాష నేర్చుకుని దానికి వ్యాకరణం, నిఘంటువు రాశారు.
1905: హాకీ ఆటగాడు ధ్యాన్‌చంద్ పుట్టారు.
1947: తర్వాత అంబేడ్కర్ అధ్యక్షత వహించిన రాజ్యాంగ ముసాయిదా కమిటీ ఏర్పడింది.

సవర పిల్లలు చదివే బడి అయితే రెండో వాక్యాన్ని రంగు సుద్దతో రాయండి.

ఫిబ్రవరి 29 పేజీకి మొరార్జీ దేశాయ్ (1896), రుక్మిణీదేవి అరండేల్ (1904) పుట్టినరోజులు ఉన్నాయి. ఎవరైనా తమ తాతగారు 1900 ఫిబ్రవరి 29న పుట్టారని చెప్పి ఎక్కించమంటే, ఆ ఏడు ఆ తేదీ లేదని మర్యాదగా చెప్పి, ఇంట్లో జాతకం ఉంటే తిథి, వారం రాసుకుని కుడివైపు పెన్సిల్‌తో ఉంచండి.