మూడు ఫైళ్లలో ఒకే గుండ్రటి మూల

మా రేఖాచిత్రాల ప్రోగ్రాములో గుండ్రటి మూలల పెట్టెను గీసే కోడు మూడు ఫైళ్లలో ఉండేది: విండోస్‌కు జీడీఐతో, లినక్స్‌కు ఎక్స్‌లిబ్‌తో, మ్యాక్‌కు క్వార్ట్జ్‌తో. ఈ మూడూ ఆయా సిస్టమ్‌లలో తెర మీద బొమ్మ గీసే ఫంక్షన్ల లైబ్రరీలు. పెట్టె వెడల్పులో సగం కంటే మూల వ్యాసార్థం ఎక్కువైతే బొమ్మ మెలిపడేది. ఎవరో లినక్స్ ఫైలులో ఆ తప్పు సరిచేశారు, మిగతా రెండింటిలో అది అలాగే ఉండిపోయింది. దాన్నే మూడోసారి సరిచేయాల్సి వచ్చిన రోజున, ఇక ఈ కోడును ఒక చోటికి తేవాలనుకున్నాను. మీ ప్రాజెక్టులోనూ ఇదే పరిస్థితి ఉంటే ఈ క్రమం పనికొస్తుంది.

మొదట కోడును ముట్టుకోకండి. చిన్న పరీక్ష ప్రోగ్రాము రాసి ప్రతి ఆకారాన్నీ గీయించి, ఆ బొమ్మలను మూడు సిస్టమ్‌ల మీదా పీఎన్‌జీ ఫైళ్లుగా దాచండి. ఒక పిక్సెల్ వెడల్పు, సున్నా ఎత్తు వంటివీ అందులో ఉండాలి. రేపు ఏదైనా చెడితే మీకు చెప్పేవి ఆ బొమ్మలే.

తర్వాత మూడు ఫైళ్లనూ పక్కపక్కన పెట్టుకుని, ప్రతి వరుస దగ్గరా ఇది లెక్కా, గీతా అని అడగండి. మూల ఎక్కడ మొదలవుతుంది, వ్యాసార్థాన్ని ఎంతకు తగ్గించాలి, నీడ రంగు ఏది అనేవన్నీ లెక్కలు. వాటికి ఆపరేటింగ్ సిస్టమ్‌తో పని లేదు కనుక ఉమ్మడి ఫైలుకు వెళ్లాలి. గీత, దీర్ఘచతురస్రం, వంపు, బహుభుజి, రంగు నింపడం, హద్దు కత్తిరింపు, అక్షరాలు మాత్రం కింద డ్రైవర్ క్లాసులో, అంటే ఒక్కో సిస్టమ్ లైబ్రరీని నేరుగా పిలిచే కోడులో, మిగులుతాయి.

అసలు కష్టం ఇక్కడే ఉంది. ఒకేలా కనిపించే ఫంక్షన్ల అర్థాలు ఒకటి కావు. వెడల్పు 10 అని ఇస్తే ఎక్స్‌లిబ్ (ఇకపై ఎక్స్) లోని ఎక్స్‌డ్రారెక్టాంగిల్ గీసే అంచు 11 పిక్సెళ్లు ఆక్రమిస్తుంది. జీడీఐ రెక్టాంగిల్‌కు వెడల్పు కాదు, కుడి అంచు ఇవ్వాలి, పైగా ఆ అంచును అది వదిలేస్తుంది. క్వార్ట్జ్‌లో నిర్దేశాంకాలు పిక్సెళ్ల మధ్య సరిహద్దుల మీద పడతాయి, అర పిక్సెల్ జరపకపోతే సన్నని గీత మసకబారుతుంది. అందుకే డ్రైవర్ క్లాసు పైన వ్యాఖ్యగా ఒక ఒప్పందం రాశాను: వెడల్పు 10 అంటే సరిగ్గా 10 పిక్సెళ్లు. ఎక్స్ డ్రైవర్ అందులోంచి 1 తీసేస్తుంది, జీడీఐ డ్రైవర్ ఎడమ అంచుకు వెడల్పు కలిపి పంపుతుంది, క్వార్ట్జ్ డ్రైవర్ అర పిక్సెల్ జరిపి 9 వెడల్పుతో గీస్తుంది. ఆ సవరణ ఇంకెక్కడా కనిపించకూడదు. ఉమ్మడి ఫైలులో ఒక్క ఇఫ్‌డెఫ్ (ఫలానా సిస్టమ్ అయితేనే ఈ కోడు అనే షరతు) దూరినా దాన్ని నేను ఒప్పుకోను.

వంపులకూ ఇలాంటి ఒప్పందమే కావాలి. ఎక్స్ కోణాలను డిగ్రీలో 64వ వంతులుగా తీసుకుంటుంది, క్వార్ట్జ్ రేడియన్లు అడుగుతుంది, జీడీఐలోని ఆర్క్ ఫంక్షన్ కోణానికి బదులు రెండు బిందువులు కోరుతుంది. పైనుంచి ఎప్పుడూ డిగ్రీలే పంపండి. గడియారంలో మూడు గంటల దిక్కు సున్నా, అక్కడి నుంచి అపసవ్యంగా కొలత.

గుండ్రటి పెట్టె ఇప్పుడు బేస్ క్లాసులో, అంటే డ్రైవర్లన్నీ వారసత్వంగా తీసుకునే ఉమ్మడి క్లాసులో, గీతలు, వంపులతో తయారవుతుంది. ఏదైనా సిస్టమ్‌లో అంతకంటే నునుపైన సొంత పద్ధతి ఉంటే ఆ డ్రైవర్ ఈ ఉమ్మడి ఫంక్షన్‌ను తనకు తగ్గట్టు తిరగరాసుకోవచ్చు. ఆ వెసులుబాటు ఉంచండి, ఉమ్మడి కోడు కోసం బొమ్మ అందాన్ని బలిపెట్టడం సరికాదు.

ఒక కమిట్‌లో (గిట్‌లో ఒకసారి భద్రపరిచే మార్పు) ఒక్క ఆకారాన్నే తరలించి, పాత నకళ్లను అదే కమిట్‌లో తొలగించండి. తర్వాత చేద్దామనుకుంటే అవి ఉండిపోతాయి. ప్రతిసారీ పాత బొమ్మలతో పోల్చి, తేడా వస్తే, ఏ కమిట్‌లో చెడిందో సగం సగం చేస్తూ కనిపెట్టే గిట్ బైసెక్ట్‌తో వెతకండి. అక్షరాలను మాత్రం ఈ పోలికలోంచి తప్పించండి. ఫాంటు అంచులను ఒక్కో సిస్టమ్ ఒక్కోలా నునుపు చేస్తుంది, సిస్టమ్‌ను నవీకరించినా ఆ పిక్సెళ్లు మారవచ్చు. వాటికి ఆధార రేఖ ఎత్తు, మొత్తం వెడల్పు సరిచూస్తే చాలు.