చుట్టాలను రమ్మనేముందు ఇంట్లో ఆవిణ్ణి అడగండి

తిరుపతిలో కాపురం పెట్టిన మగవాళ్లకు ఈ నాలుగు మాటలు. మన ఊళ్లో ఇల్లుందంటే ఏడాది పొడుగునా దర్శనానికి వచ్చే చుట్టాలే, బ్రహ్మోత్సవాలకూ వైకుంఠ ఏకాదశికీ వేసవి సెలవులకూ ఇక చెప్పనక్కర్లేదు. ఫోన్ రాగానే "మన ఇల్లుండగా రూమెందుకు, వచ్చేయండి" అని మీరు అనేస్తారు. ఆ సంగతి ఆమెకు తెలిసేది తర్వాత. పెళ్లాం మీద ప్రేమ లేక కాదు, అడగాలని తోచక. కానీ ఏళ్ల తరబడి అలా జరిగితే ఈ ఇంట్లో తన మాటకు విలువ లేదని మనసులో పడిపోతుంది, అది చీరతోనో సినిమాతోనో పోదు.

ముందుగా, ఫోన్లో వెంటనే సరే అనకండి. "ఇంట్లో కనుక్కుని చెప్తా" అనండి. ఆమె ఈసారి కుదరదంటే, "మా ఆవిడ వద్దంటోంది" అని నెపం ఆమె మీదకు నెట్టకుండా మీ మాటగానే చెప్పండి. రైల్వే స్టేషన్ ఎదురుగా విష్ణు నివాసం, బస్టాండు ఎదురుగా శ్రీనివాసం, రెండూ టీటీడీవే. గది బుక్ చేసిపెట్టి, ఒకపూట భోజనానికి పిలిస్తే ఎవరూ నొచ్చుకోరు.

ఇక వస్తే, పని పంచుకోవడం. తెల్లవారుజామున మూడింటికి కొండెక్కేవాళ్లకు వేణ్ణీళ్లు, దారికి పులిహోర పొట్లాలు, పెద్దాయనకు షుగరు, పిన్ని ఉల్లి తినదు, మధ్యలో పిల్లాడి స్కూలు క్యారియర్... ఇదంతా ఆమె తలలోనే తిరుగుతుంటుంది. "ఏం చెయ్యాలో చెప్పు, చేస్తా" అంటే గుర్తుపెట్టుకునే పని మళ్లీ ఆమెదే అయింది. అందుకే ఒక పని మొత్తంగా తీసుకోండి. పొద్దున టిఫిన్ మీదంటే పిండి ఉందో లేదో చూడటం దగ్గర్నుంచి గిన్నెలు కడిగేదాకా మీదే.

వాళ్లు వెళ్లాక కాసేపు ఫోన్ పక్కనబెట్టి ఆమె దగ్గర కూర్చోండి. మీ అమ్మో అక్కో ఏదో అన్నారని చెప్తే "వాళ్ల స్వభావమే అంత, పట్టించుకోకు" అనేది మన నోటికి అలవాటైన మాట, దయచేసి మానేయండి. "ఆ మాటకు నీకెట్లా ఉంటుందో అర్థమవుతోంది" అని ఆగండి. సలహా అడిగితేనే ఇవ్వండి.

అయితే కొన్ని బాధలు మాటలతో తీరేవి కావు. రెండు వారాలకు పైగా రోజూ దిగులుగా ఉండటం, నిద్ర, తిండి తప్పడం, ఇష్టమైన పనుల మీద కూడా ఆసక్తి పోవడం చూస్తే డాక్టరుకు చూపించాలి. కాన్పయిన కొత్తలో ఊరికే ఏడుపు రావడం మామూలే, అది రెండు వారాలు దాటినా తగ్గకపోతే ఆలస్యం చేయొద్దు. గాలి సోకిందనొద్దు. మొక్కు మొక్కుకోండి, దాంతోపాటు రుయా ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్యుల దగ్గరికీ తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు. చచ్చిపోవాలనుంది అని ఆమె అంటే బెదిరింపనుకోకండి, ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఇది చదువుతున్న ఆడవాళ్లకు ఒక్కమాట: ఇంట్లో కొట్టడమే కాదు, రోజూ తిట్టి అవమానించడం కూడా 2005 గృహహింస చట్టం కిందకు వస్తుంది, మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి.

డాక్టరు దగ్గర మీరు బయట బండి మీద కూర్చోకుండా, ఆమె సరేనంటే లోపలికి వెళ్లండి. డిప్రెషన్ మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, నాలుగు రోజులకే గుణం లేదని ఆపేయించకండి, ఎప్పుడు మానాలో డాక్టరే చెప్తారు.