మస్టాంగ్‌ను నిద్ర లేపడం ఎలా?

మారేడుపల్లిలో మా బాబాయి షెడ్డులో 1966 ఫోర్డ్ మస్టాంగ్ కారు ఉంది. 4.7 లీటర్ల వీ8 ఇంజను. నెలకోసారి దాన్ని స్టార్ట్ చేసే పని నాది.

ముందు బానెట్ ఎత్తి వాసన చూడండి. పెట్రోల్ వాసన వస్తే తాళం ముట్టుకోవద్దు. ఇప్పుడు మన బంకుల్లో దొరికేది ఎక్కువగా 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలే. పాత రబ్బరు పైపులు దానికి పాడైపోతాయి. మా బండి పైపు వంచి చూస్తే వెంట్రుకంత పగులు, అంచున తడి. ఇథనాల్ తట్టుకునే పైపులే వేయించండి, అక్కడ మాత్రం పిసినారితనం వద్దు. ఆయిల్, కూలెంట్, బ్యాటరీ సంగతి మీకు తెలిసిందే.

అసలు కిటుకు యాక్సిలరేటర్ పెడల్‌లో ఉంది. ఇంజను చల్లగా ఉంటే తాళం తిప్పేముందు ఒక్కసారి పూర్తిగా తొక్కి వదలండి. చోక్, అంటే గాలిని తగ్గించే మూత, మూసుకుంటుంది; పెట్రోల్, గాలి కలిపే కార్బురేటర్‌లోకి కాస్త పెట్రోల్ చిమ్ముతుంది. వేడిగా ఉంటే అలా తొక్కొద్దు. ఓసారి మే నెల ఎండలో ట్యాంక్‌బండ్ మీద టెన్షన్‌తో నాలుగైదుసార్లు తొక్కేశాను, పెట్రోల్ ఎక్కువై బండి మొండికేసింది. అలాంటప్పుడు పెడల్‌ను కిందికంటా నొక్కిపట్టి స్టార్టర్ తిప్పాలి. గాలి ఎక్కువ వెళ్లి, తడిసిన స్పార్క్ ప్లగ్గులు ఆరతాయి.

షెడ్డు షట్టర్ తెరిచే ఉంచండి, పొగ ప్రమాదం. మా పక్కింటి తాతగారికి ఈ మోడల్ 1964లో వచ్చిందనీ తెలియదు, పేరూ తెలియదు. గుడగుడ వినగానే కాఫీ గ్లాసుతో గోడ దగ్గరికొచ్చి, "ఇంకోసారి తొక్కు నాయనా" అంటారు.