పరికల్పన పరీక్షల సాధనలో జవాబు కుదరనప్పుడు: సమస్య - పరిష్కారం

అభ్యాసంలో జవాబు తప్పగానే చాలామంది విద్యార్థులు కూడికలు, వర్గమూలాలు మళ్ళీ సరిచూసుకుంటారు. నిజానికి లోపం తరచుగా అంతకు ముందే, దత్తాంశాన్ని ఎలా సేకరించారో గమనించకుండా పరీక్షను ఎంచుకోవడంలోనే జరిగి ఉంటుంది.

సమస్య: సగటుల మధ్య తేడా పెద్దదిగా కనిపిస్తున్నా, సగటులను పోల్చే టి-పరీక్షలో శూన్య పరికల్పనను (అసలు తేడాయే లేదన్న ఊహను) తిరస్కరించలేకపోతున్నాం.

కారణం: జతలుగా తీసుకున్న కొలతలను రెండు స్వతంత్ర సమూహాలుగా లెక్కించి ఉండవచ్చు. 'స్టూడెంట్' అనే కలం పేరుతో గణాంకవేత్త గాసెట్ 1908లో ప్రచురించిన వ్యాసంలోని నిద్ర దత్తాంశం దీనికి చక్కని ఉదాహరణ. పదిమంది రోగులలో ప్రతి ఒక్కరికీ రెండు మందులూ ఇచ్చి, ఒక్కొక్క మందుతో ఎన్ని గంటల నిద్ర పెరిగిందో కొలిచారు. రెండు మందుల మధ్య సగటు తేడా 1.58 గంటలు. ఈ కొలతలు ఇరవై మంది వేర్వేరు రోగులవని భావించి లెక్కిస్తే టి విలువ 1.86, పి-విలువ (శూన్య పరికల్పన నిజమైతే కనీసం ఇంత తేడా రావడానికి ఉండే సంభావ్యత) 0.079 వస్తాయి కనుక, 5 శాతం స్థాయిలో మనం ఏమీ తేల్చలేము. అదే ఒక్కొక్క రోగికి రెండు మందుల మధ్య తేడాను తీసుకొని, ఆ పది తేడాల మీద పరీక్ష జరిపితే టి విలువ 4.06కు పెరిగి, పి-విలువ 0.0028కి తగ్గుతుంది. మందుకు స్పందించడంలో రోగికీ రోగికీ ఉండే వ్యత్యాసం తేడాలు తీసుకోగానే చాలావరకు తొలగిపోవడమే దీనికి కారణం.

పరిష్కారం: ఒక జాబితాలోని సంఖ్యల వరుసను తారుమారు చేస్తే సమాచారం ఏదైనా పోతుందా అని ముందుగా చూడాలి. పోతుందంటే అది జత దత్తాంశం. రెండు జాబితాల్లోనూ సమాన సంఖ్యలో విలువలు ఉన్నంత మాత్రాన అవి జతలు కావు.

సమస్య: కై-వర్గ విలువ (పట్టికలో గమనించిన లెక్కింపులు, ఆశించిన వాటికి ఎంత దూరంగా ఉన్నాయో చెప్పే కొలత) నమ్మలేనంత చిన్నదిగా వస్తోంది.

కారణం: పట్టికలో లెక్కింపులకు బదులు శాతాలు వేయడం. అమెరికాలో వైద్యులపైనే జరిపిన ఆస్పిరిన్ అధ్యయనం తొలి నివేదిక 1988లో వెలువడింది. అందులో ఆస్పిరిన్ తీసుకున్న 11,037 మందిలో 104 మందికి, ఉత్తుత్తి మాత్ర తీసుకున్న 11,034 మందిలో 189 మందికి గుండెపోటు వచ్చింది. ఈ సంఖ్యలతో కై-వర్గం 25.01. 0.94, 1.71 అనే శాతాలను వందేసి మందిలో లెక్కలుగా వేస్తే అది 0.23కు పడిపోతుంది.

పరిష్కారం: శాతాలే ఇచ్చి ఉంటే, నమూనా పరిమాణంతో గుణించి అసలు లెక్కింపులను తిరిగి రాబట్టాలి.

సమస్య: చేత్తో చేసిన అనుపాతాల పరీక్షకూ సాఫ్ట్‌వేర్ జవాబుకూ పొంతన లేదు.

రెండు సమూహాలనూ కలిపి తీసిన ఉమ్మడి అనుపాతంతో లెక్కిస్తే, పై ఆస్పిరిన్ ఉదాహరణలో అనుపాతాల పరీక్ష ఇచ్చే జెడ్ విలువ దాదాపు 5. దాని వర్గమే కై-వర్గం కనుక 25 చూసి కంగారు పడనక్కరలేదు. 'ఆర్' అనే గణాంక సాఫ్ట్‌వేర్‌లో 24.43 కనిపిస్తే, అది అడగకుండానే యేట్స్ సవరణను (కై-వర్గ విలువను కాస్త తగ్గించే సర్దుబాటును) వర్తింపజేసిందని అర్థం. ఆ సవరణను ఆపి సరిపోల్చుకోవాలి.

సమస్య: కై-వర్గ అంచనా సరికాకపోవచ్చని సాఫ్ట్‌వేర్ నుంచి హెచ్చరిక వస్తోంది.

పట్టికలోని కొన్ని గడులలో ఆశించిన పౌనఃపున్యం (శూన్య పరికల్పన నిజమైతే ఆ గడిలో రావలసిన లెక్కింపు) 5 కంటే తక్కువగా ఉంది. చూడవలసింది ఆశించిన విలువనే, గమనించిన విలువను కాదు. అర్థవంతంగా కలిసే విభాగాలుంటే, పి-విలువ చూడకముందే వాటిని కలపాలి. రెండు వరుసలు, రెండు నిలువులే ఉన్న పట్టికలో అందుకు వీలుండదు కనుక ఫిషర్ ఖచ్చిత పరీక్షను (అంచనాతో కాక సంభావ్యతను నేరుగా లెక్కించే పద్ధతిని) వాడాలి.