కాలేజీ ఆప్షన్లు పెట్టే ముందు జాగ్రత్తలు

• ఫ్లెక్సీ మీది ర్యాంకు ఎవరిచ్చారో, ఏ ఏడాదిదో ముందు తేల్చుకోండి. కేంద్రం ఎన్‌ఐఆర్‌ఎఫ్ (విద్యాసంస్థల జాతీయ ర్యాంకింగ్ విధానం) ర్యాంకులను 2016 నుంచి ఇస్తోంది. విశ్వవిద్యాలయాల లెక్కలో బోధన, వనరులకు 30 శాతం, పరిశోధనకు 30, పేరుప్రతిష్ఠలకు 10. చదువుతున్న పిల్లల సంతృప్తికి విడిగా మార్కులేమీ లేవు! నాకు మింగుడుపడని విషయమిదే.

• విజయనగరం జేఎన్‌టీయూ గురజాడ అయినా, ఎచ్చెర్ల అంబేడ్కర్ విశ్వవిద్యాలయమైనా, వాటి ర్యాంకు అనుబంధ కాలేజీలకు వర్తించదు.

• న్యాక్ (కాలేజీల నాణ్యతను మదింపు చేసే జాతీయ సంస్థ) ఇచ్చిన గ్రేడు గడువు చూడండి. విద్యార్థి సంతృప్తి సర్వే నివేదిక కోసం కాలేజీ వెబ్‌సైటు వెతకండి.

• సాయంత్రం శ్రీకాకుళం ఆర్టీసీ కాంప్లెక్స్‌లో కాలేజీ బస్సు దిగే సీనియర్లను కదపండి. ల్యాబ్‌లో ప్రయోగాలు స్వయంగా చేశారా, పాత రికార్డు చూసి ఎక్కించారా? ఏడాది మధ్యలో అధ్యాపకులు మారారా? అమ్మాయిలను హాస్టల్ నీళ్ల గురించి తప్పక అడగండి.