పళ్లు పాలిష్ చేయించుకునే ముందు ఏ పౌడర్ అని అడగండి

మహారాష్ట్రలోని సిరోంచ, అహేరి వైపు నుంచి చంద్రపూర్‌కో బల్లార్షాకో వెళ్లి పళ్లు క్లీన్ చేయించుకునే మనవాళ్లలో చాలామంది బాధ ఖర్రా (వక్క, పొగాకు కలిపి నమిలేది) మరకలే. పాలిష్ అయ్యాక ఇంటికొచ్చి చల్లటి నీళ్లు తాగగానే జివ్వుమంటే, "ఆ పౌడర్‌తో ఎనామిల్ అంతా గీకేశారు" అని తిట్టుకుంటారు. నిజానికి ఎనామిల్, అంటే పంటి పైనున్న గట్టి పొర, అంత తేలిగ్గా పోదు. దెబ్బ తగిలేది చిగురు జారిపోయి బయటపడ్డ వేరు భాగానికి. పైగా పాలిష్‌కి ముందు స్కేలింగ్‌లో గార ఊడొస్తుంది కదా, ఇన్నాళ్లూ దాని కింద దాగున్న వేరుకి గాలి తగిలినా జివ్వుమంటుంది.

పాలిష్ రెండు రకాలు. రబ్బరు కప్పుతో పేస్ట్ రుద్దడం పాత పద్ధతి. ఆ పేస్ట్‌లో చాలాసార్లు ప్యూమిస్ (అగ్నిపర్వత రాయి పొడి) ఉంటుంది, గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా కొలిచే మోస్ స్కేల్ మీద దానిది 6 దాకా, ఎనామిల్‌ది 5, లోపలి డెంటిన్‌ది 3 దగ్గర. అందుకే ముతక పేస్ట్‌తో మొదలుపెడితే నున్నటి పేస్ట్‌తో ముగించాలి, లేకపోతే సన్నటి గీతలు మిగిలి మరక మళ్లీ త్వరగా పడుతుంది.

రెండోది గాలి, నీళ్లు, పౌడర్ కలిపి జెట్‌లా కొట్టడం. ఇక్కడే ఏ పౌడర్ అన్నది ముఖ్యం. సోడియం బైకార్బోనేట్, అంటే వంటసోడా జాతిదే, గట్టిదనం 2.5 దగ్గరే అయినా రేణువులు పెద్దవి, కొన్ని 250 మైక్రాన్ల (మిల్లీమీటరులో పావు వంతు) దాకా ఉంటాయి. ఖర్రా, టీ మరకల్ని బాగా లాగేస్తుంది, ఎనామిల్‌కి ఫర్వాలేదు. కానీ వేరు మీద కొడితే అరుగుతుంది, చిగురు మీద పడితే గీసుకుని రక్తం వస్తుంది (కొన్ని రోజుల్లో మానుతుంది, టెన్షన్ అక్కర్లేదు). పంటి రంగు ఫిల్లింగులు కూడా దీనితో గరుకవుతాయి. ఇదే జెట్‌లో వాడే వేరే పౌడర్లు గ్లైసిన్, ఎరిథ్రిటాల్. గ్లైసిన్ రేణువులు సుమారు 25 మైక్రాన్లు, ఎరిథ్రిటాల్‌వి 14 దగ్గర. ఇవి మెత్తనివి, చిగురు అంచున, దాని కింద కూడా వాడతారు, అయితే మొండి మరకకి బైకార్బోనేట్ అంత జోరు ఉండదు.

కాబట్టి కుర్చీలో కూర్చునే ముందే, తెలుగు రాని డాక్టరైతే హిందీలోనే, "మేడమ్, బైకార్బోనేట్ హై యా గ్లైసిన్?" అని అడిగేయండి. మీకు పళ్లు జివ్వుమంటున్నా, వేరు కనిపిస్తున్నా అదీ చెప్పండి, ఆ పళ్లని వదిలేయమనండి లేదా మెత్తటి పౌడర్ వాడమనండి. బీపీకి ఉప్పు తగ్గించమన్నవాళ్లు (బైకార్బోనేట్‌లో సోడియం ఉంటుంది), ఆస్తమా ఉన్నవాళ్లు తప్పకుండా చెప్పాలి. కాంటాక్ట్ లెన్సులు ఉంటే తీసేయాలి. జెట్ ఒక్కచోట నిలవకుండా కదులుతూ ఉండాలి. పని అయ్యాక బుగ్గ ఉబ్బి, నొక్కితే చర్మం కింద చిటపటమన్నట్టుంటే అది లోపలికి వెళ్లిన గాలి. అరుదే, కానీ వెంటనే మళ్లీ ఆ క్లినిక్‌కే వెళ్లండి.

నోరు మూడు వేళ్లు పట్టేంత తెరుచుకోవడం లేదా? కారం తగిలితే మంటా? అయితే పాలిష్ మాట పక్కనపెట్టి నోరంతా చూపించుకోండి. ఖర్రాలోని వక్క వల్ల బుగ్గలు లోపల బిగుసుకుపోతాయి, అది క్యాన్సర్‌కి దారితీయొచ్చు. నాగపూర్ ప్రభుత్వ డెంటల్ కాలేజీ దాకా వెళ్లినా తప్పులేదు.

ఇంకోటి, చంద్రపూర్ జిల్లాలో ఫ్లోరైడ్ బోరు నీళ్లున్న ఊళ్లున్నాయి. అక్కడ పెరిగినవాళ్ల పళ్ల మీది గోధుమ మచ్చలు చిన్నప్పుడు ఎనామిల్ తయారయ్యేటప్పుడే పడ్డవి, ఏ పౌడర్‌తోనూ పోవు. పోతాయని ఎవరైనా డబ్బు తీసుకుంటుంటే ఆగి ఆలోచించండి.

ఆన్‌లైన్‌లో పాలిష్ పౌడర్ కొనుక్కుని ఇంట్లో బ్రష్‌తో రుద్దకండి, చిగురు అంచున వేరు గాటు పడేదాకా రుద్దేవాళ్లు ఎక్కువ. పాలిష్ అయిన రోజు టీ, పసుపు కూర, ఖర్రా కొన్ని గంటలు ఆపండి, లాలాజలం ఊరి పంటి మీద పొర మళ్లీ కట్టాలి. జివ్వుమంటుంటే సెన్సిటివ్ పళ్లకిచ్చే పేస్ట్ వాడండి, రెండు వారాలైనా తగ్గకపోతే చూపించుకోండి. తర్వాత మళ్లీ వెళ్లినప్పుడు నోరంతా పాలిష్ అక్కర్లేదు, మరక పడ్డ పళ్లకే చేయమని చెప్పొచ్చు.