పాత అంబాసిడర్‌కి ఏ ఎయిర్ ఫిల్టర్ పెట్టాలి?

1489 సిసి బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) పెట్రోల్ ఇంజిన్ ఉన్న అంబాసిడర్ గురించే చెబుతున్నాను. దీంట్లో ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్‌లు (గాలి లోపలికి, పొగ బయటికి వెళ్లే గొట్టాలు) రెండూ ఒకే పక్క ఉంటాయి. అందుకే మెరిసే కోన్ ఫిల్టర్ నేరుగా కార్బురేటర్‌కి (గాలిలో పెట్రోల్ కలిపే భాగం) బిగిస్తే అది పీల్చేది సైలెన్సర్ వేడినే. వేడి గాలిలో ఆక్సిజన్ తక్కువ. చప్పుడు మాత్రం బాగా పెరుగుతుంది, కొందరికి అదే పవర్‌లా అనిపిస్తుంది లెండి!

మట్టిరోడ్ల మీద తిరిగే బండైతే పాత ఆయిల్ బాత్ ఫిల్టరే (గాలిలో దుమ్ముని గిన్నెలోని ఆయిల్‌తో పట్టేది) ఉంచండి. గిన్నెలో ఇంజిన్ ఆయిల్ గుర్తు వరకే పోయాలి. ఎక్కువైతే కార్బురేటర్‌లోకి లాగేస్తుంది. అడుగున బురద చేరితే కిరోసిన్‌తో కడిగి ఆయిల్ మార్చండి.

ఊళ్లోనే తిరిగేదానికి మూత ఉన్న డబ్బాలో పేపర్ ఫిల్టర్ హాయి. దాని మూతికి గొట్టం తగిలించి, రేడియేటర్ పక్కనుంచి చల్లగాలి వచ్చేలా తిప్పండి. రాకర్ కవర్ (ఇంజిన్ పై మూత) నుంచి లోపలి ఆవిర్లు వదిలే బ్రీదర్ పైపు పాత ఫిల్టర్‌కే కలిసి ఉంటే, కొత్త డబ్బాకీ దారి పెట్టించండి.

ఏది మార్చినా కాసేపు హైవే మీద నడిపి స్పార్క్ ప్లగ్గులు విప్పి చూడండి. లేత గోధుమరంగుంటే సరే. తెల్లగా ఉంటే పెట్రోల్ చాలట్లేదు: సోలెక్స్ కార్బురేటర్ అయితే పెద్ద మెయిన్ జెట్ (పెట్రోల్ వచ్చే రంధ్రం ఉన్న ముక్క), ఎస్‌యూ కార్బురేటర్ అయితే పెట్రోల్ ఎంత రావాలో చూసే నీడిల్ వేరేది వేయించాలి.